రెండో పుస్తకంలో రాసిన అంకెలు

జూన్ 4

ఈ రోజు రిజిస్టరులో ఒక అబద్ధం రాశాను. నిజం కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అనిపించి, ఈ రెండో పుస్తకం తెరిచాను.

లోవలక్ష్మి, వయసు 47, అడుగు జట్టు. పై అంకె 168, కింది అంకె 102.
రిజిస్టరులో రాసింది: 138, 86.

లోవలక్ష్మి మా అక్క. సముద్రం మీద తేలే మా తెప్పలపాడు కొట్టుకుపోకుండా ఉండడానికి కారణమైన ఇరవై ఇద్దరిలో ఒకతె. గాలి గొట్టం నోట పెట్టుకుని నీళ్ళ కిందికి దిగి, ఊరిని నేలకు కట్టి ఉంచే గొలుసులు చూసుకోవడం వాళ్ళ పని. ప్రతి నెలా మొదటి వారంలో ఆ జట్టు మొత్తానికి నేను బీపీ చూస్తాను. పై అంకె 160 దాటితే నీళ్ళలోకి దిగకూడదు. మాత్రలు వేసుకుంటూ మూడు నెలలు పైనే ఉండాలి, తగ్గాక మళ్ళీ దిగవచ్చు. ఇంకా నేల మిగిలిన మెట్ట మీది ఆసుపత్రి వాళ్ళు పెట్టిన నియమం అది.

పొద్దున అక్కను కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టాను. చెయ్యి గుండె ఎత్తుకు వచ్చేలా బల్ల మీద పెట్టించాను. ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమన్నాను. ఐదు నిమిషాలు ఊరుకోవడం అక్క వల్ల అయ్యే పని కాదు. మొదటిసారి 172 వచ్చింది. కాసేపు ఆగి మళ్ళీ చూస్తే 168.

"ఎంతే?" అంది.

చెప్పాను.

"అయితే నన్ను దిగనివ్వవా?"

"మూడు నెలలేగా అక్కా. మాత్రలు వేసుకో. తగ్గాక దిగుదువు గాని."

"తుపాన్లు రాకముందు తూర్పు వైపు గొలుసులు మార్చాలి. పద్నాలుగున్నాయి. నేను పైన కూర్చుంటే వీళ్ళకి ఎవరు చెప్తారే? సగం మందికి కొక్కెం ఎటు తిప్పాలో తెలీదు." గొంతు తగ్గించింది. "ఈ ఒక్క నెలా తగ్గించి రాసెయ్యి. ఉప్పు మానేత్తాను. వచ్చే నెలకి అదే తగ్గుద్ది."

మా అమ్మ పోయేసరికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పదహారు. ఆ ఏడే అక్క మొదటిసారి నీళ్ళలోకి దిగింది. నా చదువూ తిండీ ఆ గొలుసుల మీదే నడిచాయి. అక్క నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. రాసేశాను.

రెండేళ్ళ కిందట అయితే ఇది కుదిరేది కాదు. అప్పుడు ఊళ్ళో అందరి మణికట్లకూ చేతిబిళ్ళలు ఉండేవి. అవే గంటగంటకూ బీపీ చూసి, అవే మెట్టకు పంపేవి. ఇప్పుడు వాటిని తయారుచేసేవాళ్ళు ఎక్కడా లేరు. ఒక్కొక్కటీ ఆగిపోయాక, మెట్ట ఆసుపత్రి డాక్టర్ షంషాద్ గారు పడవలో ఒక పాత పెట్టె పంపించారు. చేతికి చుట్టే పట్టా, నొక్కే రబ్బరు బుడ్డ, ముల్లు తిరిగే డయలు, స్టెతస్కోపు. ఎలా వాడాలో పది రోజులు రేడియోలో నేర్పారు. చేతిబిళ్ళకు అక్కాచెల్లెళ్ళు లేరు. నాకున్నారు.

జూలై 3

లోవలక్ష్మి: 174, 104.
రిజిస్టరులో: 136, 84.

ఈ నెలంతా అక్క మాట నిలబెట్టుకుంది. ఎండుచేప ముట్టలేదు, ఆవకాయ జాడీ పక్కింటి వాళ్ళకు ఇచ్చేసింది. చప్పటి పప్పు తినలేక మంచినీళ్ళతో మింగుతున్నానని నవ్వుతూ చెప్పింది. పట్టా విప్పుతుంటే, నేను నోరు తెరవకముందే, "తగ్గిందా? తగ్గే ఉంటది. ఒళ్ళు తేలిగ్గా ఉంది" అంది.

ఆ ముఖం చూసి పెరిగిందని చెప్పలేకపోయాను.

"136" అన్నాను.

"చూశావా" అంది. భుజం మీద తువ్వాలు వేసుకుని వెళ్ళిపోయింది.

పోయిన నెల అబద్ధం మా ఇద్దరిదీ. ఈ నెలది నా ఒక్కదానిదే. వచ్చే నెలకు ఎలాగూ తగ్గుతుంది, అప్పుడు చెప్పవలసిన పనే ఉండదు అనుకున్నాను. ఒళ్ళు తేలిగ్గా ఉండడానికీ బీపీకీ సంబంధం లేదని నాకు తెలుసు. 190 ఉన్నా తలనొప్పి కూడా రానివాళ్ళను చూశాను. అందుకే కొలిచి చూడాలని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేది నేనే.

ఇంకో సంగతి కూడా తెలుసు. మాత్రలు రిజిస్టరును బట్టి వస్తాయి. ఎవరి పేరు పక్కన అంకె ఎక్కువగా ఉంటే వాళ్ళ పేరు రాసిన పొట్లాలే మెట్ట పడవలో దిగుతాయి. అక్క పేరుతో పొట్లం రాదు.

జూలై 5

అడుగు జట్టులో దానియేలు అనే ఆయన ఉన్నాడు. నెమ్మదస్తుడు. ఈ రోజు అతనికి 164 వచ్చింది. ఆగిపోవాలని చెప్పబోతుంటే తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"పోయిన నెల మీ అక్క తర్వాత వరసలో నేనే ఉన్నానండి. గుమ్మంలో నిలబడ్డాను. ఇనాలని ఇనలేదు, ఇనబడింది."

నేను పట్టా చుట్టి పెట్టెలో పెట్టాను.

"ఎవరికీ చెప్పనండి. నేనూ ఆగిపోతే తూర్పు గొలుసులు కావండి. నాకూ ఒక నాలుగు తగ్గించి రాసెయ్యండి, సరిపోద్ది."

నాలుగు తగ్గించాను. సాయంత్రంలోగా ఇంకో ఐదుగురు వచ్చారు. ఎవరూ బెదిరించలేదు. అందరూ మర్యాదగానే అడిగారు. అందరికీ తగ్గించి రాశాను.

జూలై 22

ఊళ్ళో మిగతా పెద్దవాళ్ళకు ఆరు నెలలకొకసారి చూస్తాను. రెండువందల పద్నాలుగు ఇళ్ళు, ఆరు వరసలు. వరసకూ వరసకూ మధ్య చెక్క వంతెనలు. సంచి భుజాన వేసుకుని పది రోజుల కిందట ఒకటో వరసలో మొదలుపెట్టి, ఈ రోజుకు ఐదు వరసలు పూర్తి చేశాను.

రెండో వరస అయ్యేసరికి జనవరి పేజీలు తీసి పక్కన పెట్టుకున్నాను. జనవరిలో 122 ఉన్నావిడకు ఇప్పుడు 144. 130 ఉన్నాయనకు 156. పాతికేళ్ళ మనిషికి 142. ఒకరిద్దరైతే వయసో కంగారో అనుకోవచ్చు. ఇల్లిల్లూ అలాగే ఉంది.

ఉన్నది ఉన్నట్టు రాసి పంపితే డాక్టరుగారు మొట్టమొదట ఏమడుగుతారో ఆలోచించాను. ఊరందరికీ పెరిగి, అందరికంటే ఒళ్ళు అలిసే అడుగు జట్టుకు మాత్రం పెరగకపోవడమేమిటి అంటారు. మనిషిని పంపి జట్టుకు మళ్ళీ చూపిస్తారు. ఏడుగురి సంగతీ బయటపడుతుంది, అక్కతో సహా.

అందరికీ పాతికేసి తగ్గించి రాశాను. అసలువి ఇందులో రాస్తున్నాను. మొత్తం పదకొండు పేజీలయింది.

ఆగస్టు 6

లోవలక్ష్మి: 178, 108. రిజిస్టరులో: 134, 84. అక్కకు చెప్పింది కూడా అదే.

ఇప్పుడు అక్క నన్ను అంకె అడగడం కూడా మానేసింది. నేనే చెబుతాను, తల ఊపుతుంది. తొమ్మిది గొలుసులు అయ్యాయట. కింద నీళ్ళు తేటగా ఉన్నాయని, పాత కొబ్బరితోటల మొద్దులు వరసలుగా కనబడుతున్నాయని చెప్పింది. ఎప్పుడో జనం నడిచిన ఊరు అది. మెట్లు కూడా ఉన్నాయట, బడివో ఆసుపత్రివో తెలియదు. ఆ మాటలు చెప్పేటప్పుడు అక్క ముఖం వేరుగా ఉంటుంది. నీళ్ళు మాన్పిస్తే ఈ మనిషి ఎండిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న కొద్దీ నమ్మకం కుదిరింది.

ఆగస్టు 13

ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఉప్పు మీద పడ్డాను.

ఐదు వరసల్లోనూ ఇంటింటికీ వెళ్ళి పచ్చడి జాడీలు తెరిపించాను. ఎండుచేపల దండేలు దింపించాను. అప్పడాలు, చల్ల మిరపకాయలు వద్దన్నాను. సాయంత్రం పూట అందరూ ఒకటో వరస నుంచి ఐదో వరస దాకా నడవాలన్నాను. ఆడవాళ్ళు విసుక్కుంటూనే విన్నారు. ఒకాయన మాత్రం, "సముద్రం మీద బతికేవాళ్ళని ఉప్పు తినొద్దంటే ఎలాగమ్మా" అన్నాడు.

మూడో వరసలో చిట్టెమ్మగారని డెబ్భై ఏళ్ళావిడ ఒంటరిగా ఉంటారు. ఆవిడకు 158. "మీరు దాచుకుని తింటున్నారు" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆవిడ కోప్పడలేదు. పొయ్యి మీద గిన్నె మూత తీసి చూపించారు. చప్పటి గంజి. "నా నోట ఉప్పు పడి ఆరేళ్ళయిందమ్మా. మా ఆయన పక్షవాతంతో పోయిన కాడ్నించి మానేశాను. నీతో నేనెందుకు అబద్ధమాడతాను?"

సంచి సర్దుకుని బయటికి వచ్చేశాను.

ఆగస్టు 20

డాక్టర్ షంషాద్ గారు రోజూ ఉదయం ఎనిమిదింటికి రేడియోలోకి వస్తారు. ఈ రోజు లెక్కలు చూసినట్టున్నారు.

"మరిడమ్మ గారూ, మీ తెప్పలపాడు అంకెలు చాలా బాగున్నాయి. ఉప్పు తగ్గించడం, నడిపించడం అన్నీ చేస్తున్నారట. మిగతా తెప్ప ఊళ్ళకు మిమ్మల్నే చూపిస్తున్నాను."

"థాంక్సండీ" అన్నాను. రేడియో కట్టేశాక తలుపు గడియ వేసుకున్నాను. ఆ గదిలో కిటికీ లేకపోవడం మంచిదయింది.

ఆగస్టు 30

ఆరో వరస మిగిలిపోయింది. వానలవల్ల వెళ్ళలేకపోయాను. ఈ రోజు వెళ్ళాను.

మొదటి ఇంట్లో 118. రెండో ఇంట్లో 124, 120. మూడో ఇంటి ముసలాయనకు 132. జనవరిలో ఆయనకు 136 ఉంది. పట్టా పాడైపోయిందనుకుని వాళ్ళ అరుగు మీదే కూర్చుని నాకు నేను చూసుకున్నాను. 146. మొన్న ఇంట్లో చూసుకున్నదీ అంతే, పట్టా బాగానే ఉంది. మళ్ళీ వాళ్ళకు చూశాను. అవే అంకెలు.

వీళ్ళ జాడీలూ చూశాను. మాగాయ నిండుగా ఉంది. ఎండురొయ్యలు ఉన్నాయి. నా ఉప్పు మాటలు ఇంత దూరం రాలేదు.

దాహమేసి నీళ్ళడిగితే ఆ ఇంటావిడ గ్లాసుతో ఇచ్చింది. తాగాను. ఏదో తేడాగా ఉంది. రుచి లేదు. చిన్నప్పుడు నీళ్ళు ఇలాగే ఉండేవి.

"ఇవి ఎక్కడివండీ?"

"వాన నీళ్ళేనమ్మా. మే నెలలో మా వరసకొచ్చే గొట్టం పగిలిపోయింది కదా. నీళ్ళ యంత్రం కాడుండే భద్రంగారు బాగుచేత్తానంటానే ఉన్నారు. ఈలోపు వానలు పడ్డాయి. టార్పాలిన్లు కట్టుకుని పట్టుకుంటన్నాం."

ఇంటికి వచ్చి మా కుళాయి తిప్పి ఒక గుక్క తాగాను. ఉప్పగా ఉన్నాయి. ఎక్కువ కాదు. రోజుకింత చొప్పున పెరిగితే నాలుక పట్టుకోలేనంత. నాలుగు వందలమంది ఆ నీళ్ళే తాగుతున్నారు, వాటితోనే వండుకుంటున్నారు. అడుగు జట్టు వాళ్ళు పైకి తేలి వచ్చి కూజాలకు కూజాలు తాగుతారు. చప్పటి పప్పు దిగక అక్క తాగిన నీళ్ళు కూడా ఇవే.

సెప్టెంబర్ 1

పొద్దున్నే భద్రం బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. వరసకు బాబాయ్, నిజానికి చుట్టమేమీ కాదు. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి ఊరికి మంచినీళ్ళిచ్చే యంత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. అరవై దాటిన మనిషి. నన్ను చూడగానే ఎందుకు వచ్చానో ఆయనకు అర్థమైనట్టుంది. పీట చూపించాడు.

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయి బాబాయ్."

"ఉన్నాయమ్మా." దాచలేదు. "మార్చి నుంచీ ఉన్నాయి. లోపల వడపోత పొరలు అరిగిపోయాయి. కొత్తవి పంపమని మెట్టకి రాశాను. అన్ని తెప్ప ఊళ్ళూ అడుగుతున్నాయి, ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళకిత్తామన్నారు. ఉప్పు పెరిగితే మోగే గంట ఒకటుంటది. అది ఆగకుండా మోగుతా ఉంటే నేనే తీసేశాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"భయపడ్డానమ్మాయ్. యంత్రం ఆపితే ఎండాకాలంలో ఊరికి నీళ్ళేవి? నడిపితే జనానికి ఏమవుద్దో. ఉప్పు నీళ్ళకి బీపీ పెరుగుద్దని నాకూ తెలుసు. అందుకే నెలనెలా డాక్టరమ్మని అడుగుతున్నాను, మా ఊళ్ళో బీపీలెలా ఉన్నాయండీ అని." ఆయన నా ముఖంలోకి చూశాడు. "బాగున్నాయంది. జూన్‌లో అడిగాను, జూలైలో అడిగాను, మొన్న మళ్ళీ అడిగాను. మునుపటికంటే బాగున్నాయంది. పర్లేదులే, ఈపాటి ఉప్పు ఏమీ చెయ్యట్లేదు అనుకున్నాను. నీ లెక్కని నమ్మానమ్మా. పెరిగాయంటే ఆ రోజే ఆపేసి, వానలు మొదలుకాగానే ఊరంతా టార్పాలిన్లు కట్టించేవాణ్ణి."

నేను ఈ పుస్తకం సంచిలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. ఆయన అంకె కూడా ఉంది అందులో. 166. రిజిస్టరులో 141.

చివరిదాకా చూసి, పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. లేచి వెళ్ళి యంత్రం ఆపేశాడు. పుట్టినప్పటి నుంచీ వింటున్న ఆ చప్పుడు ఆగిపోయేసరికి నాలుగో వరసలో ఉన్నవాళ్ళు కూడా ఇళ్ళలోంచి బయటికి వచ్చారు.

ఎనిమిదింటి రేడియో వేళ అప్పటికే దాటిపోయింది. రేపు ఉదయం డాక్టరుగారికి మొత్తం చెప్పేస్తానన్నాను.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. ముందు తనకే చెప్పాలని వెళ్ళాను. అక్క నేల మీద కాళ్ళు చాపుకుని చేతి తొడుగులకు కుట్లు వేసుకుంటోంది.

"రా రా. రేపటితో అయిపోద్దే. రెండే ఉన్నాయి. పద్నాలుగూ ఒక్క సీజన్లో మార్చినోళ్ళు లేరు తెలుసా?" అంది.

కుట్టు పూర్తయ్యేదాకా పక్కన కూర్చున్నాను. సూదిలో దారం నేనే ఎక్కించాను. రేపు మధ్యాహ్నం పైకి వచ్చాక చెబుదాం, ఈ ఒక్క పూట సంతోషంగా ఉండనీ అనుకుని లేచి వచ్చేశాను.

సెప్టెంబర్ 2

ఏడింటికి అక్క నా గది ముందు నుంచే వెళ్ళింది. పిలిచి ఒకసారి బీపీ చూద్దామని గుమ్మం దాకా వచ్చాను. చూస్తే ఆపవలసి వస్తుంది. అందుకని పిలవలేదు. ఇది కూడా రాయాలి.

ఎనిమిదింటికి రేడియో ముందు కూర్చుని డాక్టరుగారికి చెప్పాను. నేను రాసిపంపినవి నిజం కావని, నిజమైనవి నా దగ్గర ఉన్నాయని. ఆవిడ "చదవండి" అన్నారు. అంతే. పేర్లు, అంకెలు వరసగా చదవడం మొదలుపెట్టాను. అడుగు జట్టు అయింది. ఒకటో వరస అయింది. రెండో వరస సగంలో ఉండగా తూర్పు వైపు గంట కొట్టారు. నీళ్ళలో ఎవరికైనా ప్రమాదమైతే కొట్టే గంట అది.

రేడియో అలాగే వదిలేసి పరుగెత్తాను.

దానియేలు అక్కను వంతెన మీదికి లాగి పడుకోబెట్టాడు. నోరు ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి వాలిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయింది, మాట రాలేదు.

"కొక్కెం తిప్పతా తిప్పతా ఆగిపోయిందండి. ఏంటి వదినా అని భుజం పట్టుకుంటే ఇటు తిరగలేదు" అన్నాడు దానియేలు. ఒళ్ళంతా నీళ్ళోడుతూ వణుకుతున్నాడు.

గదిలోకి మోయించి బీపీ చూశాను. 214, 126.

రేడియోలో డాక్టరుగారు ఇంకా ఉన్నారు. ఎన్నింటికి మొదలైందో రాసుకోమన్నారు. నోట్లో ఏమీ వెయ్యొద్దు, మాత్ర గాని నీళ్ళు గాని వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి అన్నారు. పడవ బయల్దేరదీస్తున్నానన్నారు. అది వచ్చి, మమ్మల్ని ఎక్కించుకుని మెట్ట చేర్చేసరికి ఐదు గంటలు పట్టింది. దారి పొడుగునా అక్క ఎడం చెయ్యి నా చేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకుంది. నన్ను నమ్మి పట్టుకున్న చెయ్యి.

సెప్టెంబర్ 19

మెట్ట ఆసుపత్రి.

అక్క బతికింది. కుడి కాలు కొంచెం కదులుతోంది, చెయ్యి కదలడం లేదు. మాట ఒక్కొక్కటిగా వస్తోంది.

డాక్టర్ షంషాద్ గారిని మొదటిసారి ఎదురుగా చూశాను. గొంతును బట్టి పొడుగు మనిషి అనుకున్నాను. పొట్టిగా, అలిసిపోయి ఉన్నారు. నా పుస్తకంలోని పేజీలన్నీ కాపీ చేయించుకున్నారు. నూట ముప్పై ఏడుగురికి మాత్రలు మొదలుపెట్టారట. రోజూ ఒకే వేళకు వేసుకోవాలని, తగ్గింది కదా అని మానెయ్యకూడదని ఊళ్ళో వాళ్ళకు రేడియోలో తనే చెబుతున్నారట.

"వడపోత పొరలు నిన్న బిగించారు" అన్నారు. "మీ అసలు అంకెలు చూపించాక ఆరు రోజుల్లో ఇచ్చారు."

"భద్రం బాబాయ్ మార్చి నుంచీ అడుగుతున్నాడండీ."

"తెలుసు. అవసరం ఎవరికి ఎక్కువో తేల్చడానికి మా దగ్గరున్నవి ఈ అంకెలే. మీ ఊరు అన్నిటికంటే బాగుందని నేనే సంతకం పెట్టాను." ఆవిడ కాగితాలు సర్దుకున్నారు. "మీ అక్కగారికి జూన్‌లో మాత్రలు మొదలుపెట్టి ఉంటే..." అని, మిగతాది అనకుండా వెళ్ళిపోయారు.

అక్టోబర్ 12

ఊరికి తిరిగి వచ్చాం. నిన్న అందరినీ ఒకటో వరసలో కూర్చోబెట్టి, చేసిందంతా చెప్పాను. పెద్దలు నన్ను పనిలోంచి తీసేశారు. తియ్యకపోతే నేనే మానేద్దును. మెట్ట నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది. పెట్టె అప్పగించాను.

చిట్టెమ్మగారు చివర కూర్చుని అంతా విన్నారు. లేచి వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగారు. ఏదైనా అంటారనుకున్నాను. వంతెన ఎక్కి వెళ్ళిపోయారు. ఒక మాట అని ఉంటే బాగుండేది.

సాయంత్రం దానియేలు వచ్చాడు. మాత్రలతో ఇప్పుడు 138కి వచ్చిందట. మిగిలిన రెండు గొలుసులూ అతనూ జట్టూ కలిసి మార్చారు. "అడిగినోళ్ళలో నేనూ ఉన్నానండి. మీ ఒక్కరి మీదా పడకూడదు" అన్నాడు. మంచి మనిషి. అయితే అతను అడిగింది నాలుగు అంకెలు తగ్గించమని. అక్కకు జూలై నుంచి నేను తగ్గించింది అక్క అడగనే లేదు.

అక్టోబర్ 26

అక్క పనులు ఇప్పుడు నేనే చూస్తున్నాను. పొద్దున వంతెన మీద మెల్లగా నడిపిస్తాను. తర్వాత చప్పటి ఉప్మా, మాత్ర. కొత్తమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి బీపీ చూస్తుంది. ఈ రోజు 142, 88. అంకె అక్కతోనే చెప్పి వెళ్ళింది.

ఆ అమ్మాయి వెళ్ళాక అక్క చాలాసేపు ఏదో లెక్క వేసుకుంది. ఊరంతా విన్న సంగతి అక్క ఇంకా వినలేదు. ఉప్పు నీళ్ళవల్ల ఇలా అయిందనే అనుకుంటోంది. నేను చెబితే తప్ప ఎవరూ చెప్పరు. ఊళ్ళో వాళ్ళు ఆ పని నాకే వదిలేశారు.

"నూట... ముప్పై నాలుగు" అంది అక్క. "ఆగస్టులో. మరి... ఎలా... పడిపోయాను?"

అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ముప్పై నాలుగు కాదక్కా. నూట డెబ్భై ఎనిమిది. జూలైలో డెబ్భై నాలుగు. జూన్ నుంచి ఒక్కసారి కూడా తగ్గలేదు. నీకు అబద్ధం చెప్పాను."

అక్క కళ్ళు నా మీదే ఉన్నాయి.

"నీళ్ళు మాన్పిస్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను. గొలుసులే నీ ప్రాణం అనుకున్నాను. ఆ ఒక్క నెలా అడిగావు కదా, ఎప్పటికీ అదే అడుగుతావనుకున్నాను."

అక్క నోరు కదిలింది. మాట దొరకలేదు. నేను సాయంగా ఏదో అందించబోతే ఎడం చెయ్యి ఎత్తి ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"చెప్పుంటే... ఆగేదాన్ని. గొలుసులు... ఎవడో ఒకడు... మారుత్తాడు. నాకు మాత్రం... బతకాలని... ఉండదా?"

ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే మొదలు. నేను తల దించుకుని విన్నాను.

తర్వాత అక్క కుర్చీ పక్కనున్న బల్ల మీదికి ఎడం చెయ్యి చాపింది. మాత్ర అందుకుంది. గ్లాసు దూరంగా ఉంది. నేను అందుకుని పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తనే ముందుకు వంగి, రెండుసార్లు జారిపోతే మూడోసారి పట్టుకుని, నీళ్ళు తాగింది.